ఐదో గది తూటా

"రెండు నిమిషాలు ఇస్తున్న కృపాకర్ సార్. మంచిగ చూస్కోండ్రి. చూసినంక దాని ముక్కు ఆకురాయితోని రాకింది నిజమే అని ఒక్క మాట చెప్పి, మీ దారిన మీరు పోండ్రి," అంది ఇన్‌స్పెక్టర్ మహేశ్వరి, ప్లాస్టిక్ సంచిలో ఉన్న రివాల్వర్‌ని నా ముందుకు నెడుతూ.

స్టేషన్ గోడ గడియారంలో పదకొండు ఇరవై. నాలుగు గంటలకు ప్రేమ్‌రాజ్‌ని మెజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. నిలబెట్టారంటే జైలే. మళ్లీ బయటికి రావడానికి ఎన్ని నెలలు పడుతుందో ఆ దేవుడికే తెలియాలి. బయట బెంచీ మీద అతని భార్య రాజమణి పొద్దున ఎనిమిది నుంచీ కొంగు నలుపుకుంటూ కూర్చుని ఉంది. నన్ను ఈ కేసులోకి లాక్కొచ్చింది ఆమే.

నా గురించి పెద్దగా చెప్పుకోవడానికేం లేదు. సంతోష్‌నగర్‌లో దర్జీ దుకాణం పైన ఒక గది, గది బయట డిటెక్టివ్ అని ఒక బోర్డు. అంతకుముందు ఇరవై ఎనిమిదేళ్లు పోలీసుల ఆయుధాలు బాగుచేసే ఆర్మరర్‌ని. మనుషుల కంటే తుపాకులతోనే నాకు చనువెక్కువ. ఈ మహేశ్వరి ట్రైనింగ్‌లో ఉన్నప్పుడు రివాల్వర్ విప్పడం, బిగించడం నేర్పింది నేనే. ఒకసారి చేతిలోంచి జారవిడిచి, ఎవరికీ చెప్పకుండా తుడిచి పెట్టేసింది. నేను రిపోర్టు రాశాను. పన్నెండేళ్లయింది. ఆమె మరిచిపోలేదని ఆ రెండు నిమిషాల గడువులోనే తెలుస్తోంది.

కేసు ఇది. గుండయ్య ఛత్రినాకలో పప్పుల టోకు వ్యాపారి. వాళ్ల పేటలో అమ్మవారి గుడి కమిటీకి ముప్పై ఏళ్లుగా ఆయనే పెద్ద. నవరాత్రులకు బ్యాంకు లాకరు నుంచి తెచ్చిన అమ్మవారి నగలు, దసరా దాటాక మళ్లీ లాకరుకు చేర్చడం ఆయన పని. నిన్న సోమవారం పొద్దున పది గంటలకు నగల పెట్టె ఒళ్లో పెట్టుకుని, నడుముకు లైసెన్సు రివాల్వర్ కట్టుకుని కారెక్కాడు. డ్రైవర్ ప్రేమ్‌రాజ్. పది ఇరవైకి ఒక సందు మలుపులో బైకు మీద ఇద్దరు అడ్డం వచ్చారు. గుండయ్య రివాల్వర్ తీసి నొక్కాడు. పేలలేదు. మూడుసార్లు నొక్కినా టక్కుమన్న చప్పుడే తప్ప తూటా బయటికి రాలేదు. వాళ్లు ఆయన కడుపులో కత్తి దించి పెట్టె ఎత్తుకుపోయారు. అంబులెన్సులో వాంగ్మూలం ఇచ్చాక ఆయనకు ఆపరేషన్ అయింది. ఇంకా పూర్తిగా తెలివి రాలేదు.

"ముక్కు రాకింది నిజమే," అన్నాను భూతద్దం కన్నుకు ఆనించుకుని.

రివాల్వర్ వెనక సుత్తిలా లేచి పడే భాగాన్ని హ్యామర్ అంటాం. దాని కొసన మేకు మొనలాంటి ముక్కు ఉంటుంది. అది పోయి తూటా అడుగున ఉన్న చిన్న బిళ్ళను గట్టిగా కొడితేనే లోపల మందు అంటుకుంటుంది. ఈ హ్యామర్ ముక్కు వెంట్రుకవాసి పొట్టిగా ఉంది. ఆకురాయితో రాకిన గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆ కొద్ది తేడా చాలు, దెబ్బ తగులుతుంది గానీ బిళ్ళ పగలదు. రాకిన చెయ్యి మాత్రం పనితనం తెలిసిన చెయ్యి. ఎక్కడా జారలేదు, పక్కన ఎక్కడా గీత పడలేదు.

"విన్నరా శ్రవణ్‌గారు? మా గురువుగారే ఒప్పుకున్నరు," అంది మహేశ్వరి.

పక్క కుర్చీలో తెల్ల చొక్కా, నుదుట పెద్ద బొట్టుతో ఉన్నాయన గుడి కమిటీ సెక్రటరీ శ్రవణ్‌కుమార్. గుండయ్య ఆస్పత్రిలో ఉన్నాడు కనుక ఫిర్యాదు మీద సంతకం ఈయనదే. డ్రైవర్ మీద అనుమానం అని రాయించింది కూడా ఈయనే.

"ఇంక ఏం చూస్తరు మేడమ్? ఆదివారం సాయంత్రం గుండయ్యన్న ఒక పెండ్లికి పోతూ తుపాకి కార్ల పెట్టి పోయిండు. అద్దగంట అది వాని చేతులనే ఉంది. కారు టూల్ డబ్బల ఆకురాయి దొరికె. నాలుగు తగిలియ్యుండ్రి, పెట్టె ఏడున్నదో వాడే చెప్తడు," అని లేచాడు. "నేను ఆస్పత్రికి పోత. వదినె రాత్రంత కన్ను మూయలే. పాపం, దీపం పెట్టుకొమ్మని ఇంటికి తోలిచ్చిన. అన్న కాడ నేను కూసుంట."

వెళ్తూ నాకు కూడా రెండు చేతులూ జోడించాడు. మంచి మర్యాదస్తుడు.

నా రెండు నిమిషాల్లో నిమిషంన్నర అయిపోయింది. ఆరు తూటాలు ఆరు చిన్న సంచుల్లో ఉన్నాయి. ఏ తూటా చక్రంలో ఏ గదిలోంచి తీశారో ఒక్కో సంచి మీద అంకె రాసి ఉంది. నేను నేర్పింది నేర్పినట్టే చేసింది పిల్ల. ఒప్పుకోవాలి.

"గుండయ్య ఎన్నిసార్లు నొక్కిన అన్నడు?"

"మూడు."

"దెబ్బ తగిలిన తూటాలు?"

"నాలుగు. ముసలాయన భయంల లెక్క తప్పిండు. ప్రాణం మీదికొస్తే ఎవరు లెక్క పెడతరు సార్?"

"లెక్క తప్పితె ఒకటి, రెండు, మూడు, నాలుగు గదులల్ల దెబ్బలుండాలె. నువ్వు రాసిందేంది? ఒకటి, రెండు, మూడు, ఐదు. ఒక్క నొక్కుడుకు ఒక్క గది తిరుగుతది. మూడు తర్వాత నాలుగే రావాలె. నాలుగును ఇడిచిపెట్టి ఐదుకు దుంకెటంత తెలివి రివాల్వర్‌కు ఏడుంది?"

మహేశ్వరి ముఖంలో కండరం కూడా కదల్లేదు. "అది నిన్ననే చూసిన సార్. ఐదో గదిది పాత దెబ్బ. ఆదివారం ముక్కు రాకినంక, పేలుతదా పేలదా అని ప్రేమ్‌రాజ్ ఒకసారి నొక్కి చూసుకున్నడు. తర్వాత తూటాలు తీసి మల్ల పెట్టిండు. దానికేమంటరు?"

కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు ఆమె నింపాదిగా ఉంది, నాకే అరికాళ్లలో మంట. కుదరడం లేదు, ఏదో కుదరడం లేదు. ఐదో నంబరు సంచిని కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకున్నాను.

తూటా అడుగున ఎర్రగా ఉంది.

మిగతావి చూశాను. ఆరింటి అడుగునా ఎరుపే. కుంకుమ. దసరా నాడు ఆయుధపూజలో ఇంట్లో ఉన్న ఇనుప వస్తువు దేన్నీ వదలరు. కాంటాలు, కుట్టుమిషన్లు, స్కూటర్లు, సుత్తులు, అన్నింటికీ పసుపు, కుంకుమ. గుండయ్య ఇంట్లో తూటాలకు కూడా ఒక్కొక్కదానికి బొట్టు పెట్టారు. నూనెలో తడిపిన కుంకుమ, ఎండి గట్టిపడింది.

నాలుగు, ఆరు గదుల తూటాలకు దెబ్బ లేదు, బొట్టు చెక్కుచెదరలేదు. ఒకటి, రెండు, మూడింటికి దెబ్బ తగిలింది, తగిలిన చోట బొట్టు పెచ్చులు లేచింది. ఐదో దానికి గుంట ఉంది, గానీ బొట్టు పగల్లేదు. కుంకుమ ఆ గుంటలోకి దిగి, నిండి, నున్నగా ఎండిపోయింది.

"అద్దం పట్టు," అని భూతద్దం ఆమె చేతిలో పెట్టాను. "బొట్టు మీద దెబ్బ పడితే ఎట్లుంటదో మొదటి మూడు చూడు. ఇప్పుడు ఐదోది చూడు. ఇది దెబ్బ మీద పెట్టిన బొట్టు. దసరా గురువారం. అంటే గురువారం కంటె ముందే ఎవరో దీన్ని నొక్కిండ్రు, పేలలేదంటె ముక్కు అప్పటికే పొట్టిగైంది. మరి నీ ఆదివారం ఏమాయె?"

ఆమె చాలాసేపు చూసింది. భూతద్దం తిరిగిచ్చేటప్పుడు నా కళ్లలోకి చూడలేదు.

"కుంకుమ సంగతి లాబ్ చెప్తది. అప్పటిదాక వాడు లోపలే ఉంటడు."

"లాబ్ రిపోర్టుకు మూడు నెలలు పడుతది."

"అయితె మూడు నెలలు. నాకు పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు. అమ్మవారి నగలు సార్, పేటంత లొల్లి అయితున్నది. మీ రెండు నిమిషాలు అయిపోయినయి."

"ప్రేమ్‌రాజ్‌తోని ఐదు నిమిషాలు మాట్లాడనియ్యి."

"మూడు," అంది.

ప్రేమ్‌రాజ్‌కు నలభై దాటి ఉంటాయి. కళ్లలో ఇంకా పసుపు ఛాయ ఉంది. నన్ను చూడగానే కటకటాలు పట్టుకున్నాడు.

"తుపాకి నీ చేతికి ఎన్నిసార్లు అందింది?"

"నేను ముట్టనే లేదు సార్. ఆదివారం డ్యాష్‌బోర్డుల ఉండె, అంతే. ఇంట్లుంటే ఇనుప బీరువల ఉంటది. దాని తాళంచెవి అమ్మ నడుముకుంటది. గుండయ్య బాపు అడిగినా అమ్మనే తీసిస్తది."

"దసరా ముందు?"

"దసరా ముందు నేనేడున్న సార్? కామెర్లయి ఇరవై రోజులు ఇంట్లనే పండుకున్న. పండుగ తెల్లారి శుక్రవారం డ్యూటీ ఎక్కిన. ఆస్పత్రి చీటీలు రాజమణి కాడున్నయి."

ఇతను కాదు. మరి ఎవరు?

"కత్తి పట్టినోడు ఎట్లొచ్చిండు? తుపాకి చూసి ఆగిండా?"

"ఆగుడా?" ప్రేమ్‌రాజ్ తల అడ్డంగా ఊపాడు. "ముసుగేసుకున్నడు. నవ్వుకుంట నడిచొచ్చిండు సార్. 'దబావ్ బాపూ, దబావ్. జిత్నా దబానా హై దబావ్' అన్నడు. నొక్కు, ఎంత నొక్కుతవో నొక్కు అని. నేను తలుపు తీసి దిగేసరికే పొడిచిండు. మేడమ్‌కు ఇదే చెప్పిన. నువ్వే వానికి ముందుగాల చెప్పినవ్ అంటున్నది."

మూడు నిమిషాలు అయిపోయాయి. పేలదని తెలిసినవాడు మాత్రమే తుపాకీ గొట్టానికి ఎదురుగా నవ్వుతూ నడిచి వస్తాడు. రాకినవాడు ఎవరు, ఆ సంగతి కత్తివాడి దాకా మోసినవాడు ఎవరు? ఈ ఇద్దరూ ఒక్కరే కానక్కర లేదని ఆటోలో కూర్చున్నాక గానీ నాకు తట్టలేదు.

రాజమణిని ఇంటికి పొమ్మంటే వినలేదు. నాతో పాటే ఆటో ఎక్కింది. ఆమె చూపించిన చీటీల్లో తేదీలు సరిగ్గా సరిపోయాయి.

గుండయ్య ఇల్లు చేరేసరికి ఒంటిగంట పది. ఆయన భార్య విమలాదేవి తలుపు తీసింది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నన్ను చూసి తల పంకించింది. నా వెనకున్న రాజమణిని చూడగానే చేతిలో గ్లాసు జారబోయి పట్టుకుంది.

"రా బిడ్డా, నీళ్లు తాగు," అంటూ గ్లాసు రాజమణి చేతికిచ్చింది. ఇచ్చేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకుంది.

"తుపాకి ఉండే తావు చూపిస్తరా అమ్మా?"

పూజగది పక్కనే ఇనుప బీరువా. నడుము దగ్గర దోపుకున్న తాళాల గుత్తి తీసి ఆమే తెరిచింది. ఖాళీ. తలుపు మీద ఎక్కడా గీత లేదు, తాళం బలవంతాన తీసిన గుర్తు లేదు. చెవి ఒక్కటే, మారు చెవి లేదని ఆమే చెప్పింది. పూజగదిలో దసరా పీట ఇంకా అట్లాగే ఉంది. వాడిపోయిన బంతిపూలు, వాటి మధ్య పాత కాంటా, ఇనుప తూకం రాళ్లు, సుత్తి, పట్టకారు. అన్నింటికీ పసుపు, కుంకుమ. నేను మోకాళ్ల మీద కూర్చుని ఒక్కొక్కటీ చూస్తూ పోయాను. నా మోకాళ్లు నన్ను తిట్టాయి.

పట్టకారు వెనక, పూల కింద, జానెడు పొడుగున్న ఆకురాయి. సన్న పళ్లది, పిడి అరిగిపోయింది. దానికీ బొట్టుంది.

"పప్పులమ్మే ఇంట్ల ఆకురాయితోని పనేంది అమ్మా?"

"మా నాయినది," అంది విమలాదేవి. "ఆయన కాంటాలు రిపేరు చేస్తుండె. తూకం రాళ్లు ఎక్కువుంటె రాకి సరిచేస్తుండె. ఆయన పోయినంక ఆ సామానంత నేను తెచ్చుకున్న. ఏడాదికి ఒకసారి పూజల పెడ్త."

"మీకు గూడ ఆ పని వస్తదా?"

నేను ఆకురాయిని వెలుతురుకు తిప్పాను. పాత పళ్లన్నీ తుప్పుతో నల్లబడి ఉన్నాయి. ఒక్క కొసన మాత్రం, బొటనవేలు గోరంత మేర, కొత్త ఉక్కు పొడి మెరుస్తోంది. ఆ పొడి మీదే కుంకుమ పడింది.

"తూటాలకు బొట్లు పెట్టిందెవరు?"

"నేనే. ఏటా నేనే పెడ్త."

"అయితె ఒకదానికి గుంట ఉన్నది మీరు చూసిండ్రు."

గది గుమ్మం దగ్గర కూర్చున్న రాజమణి తల ఎత్తింది. విమలాదేవి గోడకు ఆనుకుంది.

"అమ్మా," అంది రాజమణి. అరవలేదు, ఏడవలేదు. "మా ఆయన తొమ్మిదేండ్లు మీ ఉప్పు తిన్నడు. కామెర్ల మనిషికి మీరే పత్యం వండి పంపిస్తిరి. ఇయ్యాల నాలుగింటికి తీస్కపోతరట అమ్మా. మీకేమన్న తెలిస్తె చెప్పుండ్రి. మీ కాళ్లు మొక్కుత."

"మొక్కకు. నువ్వు నా కాళ్లు మొక్కకు బిడ్డా," అంటూ విమలాదేవి అక్కడే కూలబడింది. "ఆ ముక్కు రాకింది నేనే."

నేను ఊహించిందే. అబద్ధం ఎందుకు, ఇంటికి వచ్చేటప్పుడు ఈమెను దొంగ అనుకునే వచ్చాను.

"ఎందుకు?"

"అమ్మవారి మెడల బంగారు కంటె తూకం తగ్గిందని కమిటీల ఎవరో పుకారు లేపిండ్రు. గుండయ్యనే మార్చిండని. ముప్పై ఏండ్లు సార్! ఒక్క నాడు ఒక్క పోగు అటిటు కాలే. ఆయన తిండి మానేసిండు, మాట మానేసిండు. నవరాత్రులకు ముందు దినం, ఎంగిలిపూల బతుకమ్మ నాడు పొద్దుగాల ఏదో పని మీద చెవి అడిగి తీస్కుండు. నేను పూలు తెచ్చుకుంట లోపలికొస్తె, తుపాకి ఒళ్లె పెట్టుకుని దాని దిక్కే చూస్తున్నడు. నన్ను చూసి తుడుస్తున్న అన్నడు. తుడిచెటందుకు బట్ట లేదు చేతుల."

ఆమె కొంగుతో నోరు నొక్కుకుంది.

"తుపాకి దాస్తె ఇంకో దారి ఎతుక్కుంటడు. ఉన్నదనుకుంటె దాని మీదనే మనసు పెట్టుకుంటడు. గిట్ల అడ్డం పడితె ఆగుతడేమో అనుకున్న. ఈ మొన తగిలితేనే పేలుతదని ఆయనే ఎన్నడో చెప్పిండు. పగటిపూట ఆయన పండుకున్నప్పుడు మా నాయిన ఆకురాయి తీసి రాకిన. నాలుగు సార్లు, అంతే. బయట ఆడోళ్లంత బతుకమ్మ పేరుస్తుండ్రి."

"తర్వాత?"

"తొమ్మిది దినాలు ఏం గాలే. అమ్మ కాపాడింది, ఆయన మనసు మారింది అనుకున్న. దసరా నాడు తూటాలు తాంబాళంల పెట్టి బొట్లు పెడుతుంటె, ఐదోదో ఆరోదో, ఏలు కింద గుంట తగిలింది." ఉంగరం వేలు చూపించింది. "ఆయన ఒకసారి నొక్కుకున్నడు సార్. నేను ఇంట్ల ఉండంగనే, నిద్రల నా నడుము కాడి తాళంచెవి తీస్కునో ఏమో, ఏ గదిలనో, ఎప్పుడో. పేలలే. నాకు చెప్పలే. నేను గూడ అడగలే. ఆ గుంట కనవడకుండ నిండ కుంకుమ పెట్టి, ఆయన చేతికిచ్చిన."

ఇరవై ఎనిమిదేళ్లలో పేలని తుపాకులు ఎన్నో చూశాను, ప్రతిదాన్నీ చెడిపోయిందనే రాశాను. ఈ ఒక్కదాన్ని ఏమని రాయాలో నాకు తెలియలేదు.

"అట్లాంటి తుపాకి ఇచ్చి నగలతోని ఎట్ల పంపినవమ్మా?"

గుమ్మంలోంచి వచ్చిన ఆ గొంతు నాది కాదు. మహేశ్వరి. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో.

"నా ఎనక పడ్డవా?" అన్నాను.

"లెక్క కుదరకపోతె కుర్చీల కూసోవద్దని మీరే చెప్పిండ్రు గద సార్." లోపలికొచ్చి విమలాదేవి ఎదురుగా నేల మీద కూర్చుంది. "చెప్పమ్మా."

"ముప్పై ఏండ్లల్ల దాన్ని బయటికి తీసే అవసరమే రాలే బిడ్డా. ఇప్పుడొస్తదని నాకేం ఎరుక? నిన్న చెప్దామనుకున్న. చెప్తె ఆయన సావబోయిండని పేటంత తెలుస్తది. తప్పు చేసిండు గనకనే సావబోయిండంటరు. నా పెనిమిటి ఇజ్జత్ కోసం నీ మొగని బలిచ్చిన," అంటూ రాజమణి వైపు చేతులు చాచింది. రాజమణి ఆ చేతుల్ని పట్టుకోలేదు, తోసేయలేదు కూడా.

మహేశ్వరి ఫోన్ తీసి స్టేషన్‌కు చేసింది. "ప్రేమ్‌రాజ్‌ని కోర్టుకు తీస్కపోవద్దు. ఔను, నేనే చెప్తున్న. చాయ తాగిపియ్యుండ్రి. నేనొచ్చి సంతకం పెడ్త." ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది. "గెలిచిండ్రు. సంతోషమా?"

"సగం. రాకింది ఈమె. మరి 'దబావ్ బాపూ' అన్నోనికి ఎట్ల తెలిసింది? అమ్మా, జెర యాద్ చేస్కోండ్రి. ఈ సంగతి మీరు ఎవరికి చెప్పిండ్రు?"

"ఎవ్వరికి చెప్పలే."

"ఒక్కరికన్న చెప్పుంటరు."

విమలాదేవి కళ్లు మూసుకుంది. నేను గడియారం చూశాను. రెండు పది.

"దసరా సాయంత్రం తమ్మి జమ్మి ఆకు ఇయ్యొచ్చిండు," అంది నెమ్మదిగా. "అందరు జమ్మి చేతుల పెట్టి అలాయ్ బలాయ్ కౌగిలి తీస్కుని పోయిండ్రు. తమ్మి నా కాళ్లు మొక్కబోతె, గడప కాడనే చేయి పట్టుకుని ఏడ్చిన. తమ్మీ, మీ అన్న నొక్కుకున్నడు, నేను మొన రాకినందుకే బతికిండు, కమిటీల ఆ మాట ఇంక ఎవ్వరు తీయకుండ చూడు అన్న. నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసిండు. ఎవ్వరికి చెప్పకు వదినె అన్నడు."

"తమ్మి ఎవరు?" అన్నాం ఇద్దరం ఒకేసారి.

"శ్రవణ్."

తెల్ల చొక్కా. పెద్ద బొట్టు. రెండు చేతుల దండం. నా చెంపమీద నేనే కొట్టుకోవాలనిపించింది. నా ముందే కూర్చుని, నా ముందే డ్రైవర్ని తన్నమన్నాడు.

మహేశ్వరి లేచి నిలబడింది. "నిన్న పదకొండింటికి బ్యాంకుల నగలన్నీ కంసాలితోని పరీక్ష చేపియ్యాలని గుండయ్య పట్టుబట్టిండట. మేనేజర్ చెప్పిండు. బ్యాంకు బయట ఆ సంగతి తెలిసింది ఇద్దరికే, గుండయ్యకు, సెక్రటరీకి. పెట్టె బ్యాంకుకు చేరుతె కంటె నకిలీదని బయటపడుతుండె."

"పుకారు లేపింది వాడే. కంటె మార్చింది వాడే," అన్నాను. "కారుల ఆకురాయి పెట్టింది గూడ వాడే అయ్యుంటడు. పరీక్ష అయితె మార్చిందెవరని విచారణ నడుస్తది, పెట్టె ఒక్కసారి పోతె ఆ నింద గుండయ్య మీదనే మిగులుతది. గుండయ్య కళ్లు తెరిచి, పరీక్ష సంగతి శ్రవణ్‌కు గూడ తెలుసని ఒక్క మాట అంటె..."

"ఆస్పత్రి కాడ నీ కానిస్టేబుల్ ఉన్నడు గద?" అని నేను అడిగేలోపే ఆమె తల అడ్డంగా ఊపుతోంది.

"పొద్దున మీరు పోంగనే తీసేసిన. శ్రవణ్‌కుమార్ కూసుంట అన్నడు గద అని, బందోబస్తుకు పంపిన." ఆమె ఆస్పత్రికి ఫోన్ కలిపింది. స్పీకర్ పెట్టింది. ఎనిమిదిసార్లు మోగాక ఒక అమ్మాయి ఎత్తింది.

"నమస్తే, నర్స్ ప్రీతి."

"ఇన్‌స్పెక్టర్ మహేశ్వరి. గుండయ్య ఎట్లున్నడు? ఆయన కాడ ఉన్న మనిషికి ఫోన్ ఇయ్యొద్దు, నువ్వే చెప్పు."

"గుండయ్యగారా? ఆయనకు పన్నెండున్నరకు మంచిగ తెలివొచ్చింది మేడమ్. భార్యను పిలువుండ్రి, ఏదో చెప్పాలె అన్నరు. ఇంతల వాళ్ల తమ్ముడు పెద్దాస్పత్రికి మారుస్తమని అంబులెన్సు తెచ్చిండు. మా డాక్టర్ వద్దనే అన్నరు. కానీ భార్య సంతకం పెట్టిన కాయితం ఉండె, మేమెట్ల ఆపుతం? ఇరవై నిమిషాలాయె పోయి."

"ఏ ఆస్పత్రికి?"

"చెప్పలే మేడమ్."

విమలాదేవి బీరువా తలుపు పట్టుకుని లేచింది. నడుముకున్న తాళాలు గలగలమన్నాయి.

"పొద్దుగాల మందుల కాయితం అని సంతకం పెట్టిచ్చుకుండు," అంది. గొంతులో ఏడుపు లేదు, ఏమీ లేదు. "ఒకసారి సావకుండ ఆపిన సార్. ఇప్పుడు నేనే సంతకం పెట్టి అప్పజెప్పిన."

అప్పటిదాకా గడప దగ్గరే కూర్చున్న రాజమణి లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది. మహేశ్వరి అప్పటికే మెట్లు దిగుతోంది.